ఊరందరూ తాగుతారు, అందరికీ వచ్చిందేటి?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు ఒక ఊరి నుంచి 24 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆరు పేజీల్లోని సంగతులు క్లుప్తంగా ఇవి.

జిల్లాలోనే ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చదివారు. రెండేళ్లుగా పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో షిఫ్టుల మీద పనిచేస్తున్నారు. చేతికొచ్చేది 19,000 రూపాయలు. ఇంటర్‌లో ఉండగా అమ్మమ్మ అంగిలి క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ చిన్నతనం నుంచీ అడ్డపొగ తాగేవారు, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేవారు. "క్యాన్సర్ ఎందుకొస్తుందో కనిపెట్టే సైంటిస్టు కావాలని అప్పుడే అనుకున్నాను" అని రాశారు.

సైన్సులో పరిశోధనకు జాతీయ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్ రెండుసార్లు రాశారు. మొన్నటిసారి అర్హత వచ్చింది గానీ, నెలనెలా ఫెలోషిప్ డబ్బు వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. ఇప్పుడు ఎదురుగా మూడు దారులున్నాయి. విశాఖలో ఒక ప్రొఫెసర్ తన దగ్గర పీహెచ్‌డీ సీటు ఇస్తానన్నారు. స్టైపెండ్ లేదు. మన కొండల్లో దొరికే ఒక మొక్క రసం క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందో చూడటం అంశం. పది రోజుల్లో జవాబు చెప్పాలి. రెండోది ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీ ప్రాజెక్టులో ఏడాది కాంట్రాక్టు మీద ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పని. మూడోది ఉన్న ఉద్యోగంలోనే ఉండి మళ్లీ నెట్ రాయడం. నాన్నకు కొద్దిపాటి జీడితోట ఉంది. అక్క పెళ్లి అప్పు ఇంకా తీరలేదు, తమ్ముడు ఇంటర్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చింది. "ఉద్యోగమైతే సరే, ఇంకా అయిదారేళ్లు చదువంటే ఎలా" అని అబ్బాయి తల్లి అన్నారట.

ఇంకో రెండు విషయాలు రాశారు. 2,200 మంది ఉన్న తమ ఊళ్లో పదేళ్లలో 14 మందికి క్యాన్సర్ వచ్చిందని, అందరూ బోరు నీళ్లనే అనుమానిస్తున్నారని, ఆ నీళ్ల మీదే పరిశోధన మొదలుపెట్టవచ్చా అని అడిగారు. చిట్టచివర, అమ్మ కూడా అడ్డపొగ తాగుతుందని, మానమంటే "ఊరందరూ తాగుతారు, అందరికీ వచ్చిందేటి?" అంటుందని, నెల రోజులుగా ఆమె అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రగా కనిపిస్తోందని రాశారు.

చిట్టచివర రాసిన ఆ వాక్యంతోనే మొదలుపెడతానమ్మా. ప్రొఫెసర్ గారికి జవాబు చెప్పడానికి పది రోజుల గడువుంది. అమ్మగారి అంగిలి చూపించడానికి అంత గడువు పెట్టుకోకండి.

అడ్డపొగ తాగేవాళ్లలో అంగిలి తెల్లగా, మందంగా మారి, మధ్యలో చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపించడం చాలామందికి ఉంటుంది. ఆ చుక్కలు పొగకూ వేడికీ వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. కానీ ఎరుపు చుక్కల్లా కాక మచ్చలా పరుచుకుని ఉన్నా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా, వేలితో తాకితే గట్టిగా తగిలినా చూపించి తీరాలి. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చకే ఎక్కువ జాగ్రత్త పడాలి. మీరు రాసిన నాలుగు మాటలను బట్టి అది ఏదో నేను చెప్పలేను. ఫోను టార్చి వెలుగులో మీరూ తేల్చలేరు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి దంత విభాగానికి తీసుకెళ్లండి. అనుమానం ఉంటే మత్తు సూది వేసి బియ్యపు గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. "కత్తి పెడితే పాకుతుంది" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. అది నిజం కాదు. ఆ మాట నమ్మి ఆర్నెల్లు ఆగినవాళ్లకే జబ్బు పాకుతుంది. పెద్ద ఆస్పత్రి అవసరమైతే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. చికిత్స రాష్ట్ర ఆరోగ్య పథకం కిందకు వస్తుంది కాబట్టి కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

చుట్ట మానిపించడం మీద ఇప్పుడే పోట్లాడకండి. పోట్లాడితే ఆస్పత్రికి కూడా రానంటారు. డాక్టర్ చూసిన రోజున, ఆ డాక్టర్ నోటితోనే చెప్పించండి. పొద్దున్న చుట్ట లేకపోతే విరేచనం కాదన్న భయం చాలామంది పెద్దవాళ్లను కట్టి పడేస్తుంది. దానికి విడిగా మందు అడగండి. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అనే టోల్ ఫ్రీ నంబరు కూడా ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, అమ్మగారి నోటి నుంచి మీ చదువు కోసం ఏ నమూనా తీయకండి. ఆమె దగ్గర మీరు కూతురు మాత్రమే.

ఇప్పుడు ఆమె అన్న మాట చూద్దాం. "అందరికీ వచ్చిందేటి?" ఆవిడ వాదనకు అన్నారు గానీ, మీరు జీవితాంతం పనిచేయాలనుకుంటున్న రంగంలో ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న అదే.

అమ్మమ్మగారికి క్యాన్సర్ ఎందుకొచ్చింది అన్నదానికి జవాబు మీరు పుట్టకముందే దొరికింది. నిప్పున్న చుట్ట కొసకూ అంగిలి క్యాన్సర్‌కూ లంకె ఉందని కోస్తాంధ్ర నుంచి 1957లోనే వైద్య పత్రికలో రాశారు. దంత పరిశోధకులు ఫలీ మెహతా, డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, వారి సహచరులు మన ఊళ్లలో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. పొగాకు తాగేవాళ్లకు క్యాన్సర్ సాధారణంగా గట్టి అంగిట్లో రాదు. అది అరుదైన చోటు. నిప్పు ఎక్కడ తగులుతోందో అక్కడే జబ్బు రావడమే పెద్ద సాక్ష్యం. ఆ తర్వాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకు ఏళ్ల తరబడి నచ్చజెప్పి చూసి, మానినవారూ తగ్గించినవారూ పెరిగిన కొద్దీ నోట్లో తెల్ల మచ్చలు కొత్తగా రావడం తగ్గిందని 1986లో ప్రకటించారు. మీ జిల్లా పేరు ప్రపంచ క్యాన్సర్ సాహిత్యంలో అలా నిలిచి ఉంది.

మరి మీకు మిగిలిందేమిటి? ఒకే వీధిలో, ఒకే రకం చుట్ట, ఒకే వయసు నుంచి తాగిన ఇద్దరిలో ఒకరికి ఎందుకు వచ్చింది, ఒకరికి ఎందుకు రాలేదు? రోజుకు ఎన్ని చుట్టలు, ఎన్నేళ్లు అన్నది కొంత చెప్తుంది. పొగలోని విషాన్ని శరీరంలోని ఎంజైములు ఎంత చురుగ్గా మారుస్తాయి, దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం ఎంత బాగా సరిచేసుకుంటుంది, తిండిలో పళ్లూ ఆకుకూరలూ ఎంత, అదృష్టం ఎంత, ఇవన్నీ కలిసి మిగతాది చెప్పాలి. తెల్ల మచ్చ ఉన్న వందమందిలో ఎవరిది ముదురుతుందో ముందే చెప్పగలిగితే ఎందరో అమ్మమ్మలు బతుకుతారు. కాబట్టి ప్రశ్న అయిపోయిందని దిగులుపడకండి. కానీ ఈ ప్రశ్నను అడిగే పద్ధతులు వేరు వేరు. పద్ధతిని బట్టి చదువు మారుతుంది, ఊరు మారుతుంది, సంపాదన కూడా మారుతుంది. మీ మూడు దారుల్లో ఏది మంచిదో తేలాలంటే ముందు ఇది తేలాలి.

విశాఖ సీటు సంగతి చూడండి. మొక్క రసం పోసి క్యాన్సర్ కణాలు ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం మందు వెతికే పని. జబ్బు ఎందుకొచ్చిందో అందులో తెలియదు. మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి అంశాలు ఎక్కువ, ఎందుకంటే కొనుక్కున్న కణాలు, ఒక రంగు పరీక్ష, ఒక ప్లేట్ రీడర్ ఉంటే వ్యాసం వస్తుంది. అది పనికిమాలిన పనని నేననను. కణాలు పెంచడం చేతికి వస్తుంది. కానీ మీ ఉత్తరంలో మీరు అడిగినదానికీ దానికీ పొంతన లేదు. స్టైపెండ్ లేకుండా అయిదేళ్లు అంటే ఇంటి అప్పు మీద ఇంకో అప్పు. ఆ మధ్యలో చదువు ఆగిపోతే చేతిలో డిగ్రీ ఉండదు, కంపెనీ అనుభవమూ పాతబడిపోతుంది.

అయినా ఇంటికి దగ్గరని దానివైపే మొగ్గితే, ప్రొఫెసర్ గారిని మర్యాదగా కొన్ని ప్రశ్నలు అడగండి. గత అయిదేళ్లలో ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవారు ఎందరు, ఒక్కొక్కరికి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు? నడుస్తున్న ప్రాజెక్టు డబ్బు ఏ ఏడాది దాకా ఉంది, అందులోంచి మీకు ప్రాజెక్టు ఫెలోగా ఏమైనా ఇవ్వగలరా? కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ పనిచేస్తోందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ద్రవ నైట్రోజన్ ఎవరు తెస్తారు? కణాలకు మైకోప్లాస్మా పరీక్ష ఎప్పుడు చేశారు? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా పట్టిన కణాలు చూడటానికి బాగానే ఉంటాయి, ఫలితాలన్నీ తప్పుతాయి. ఒక రకం కణాలనుకుని ఏళ్ల తరబడి పనిచేశాక అవి హీలా అనే వేరే రకం క్యాన్సర్ కణాలని తేలిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి, అందుకే డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష చేయించిన కణాలే వాడాలి. ఇంకొకటి కూడా అడగవచ్చు. మొక్క రసం బదులు, చుట్ట పొగ సారాన్ని మామూలు నోటి పొర కణాల మీద పెట్టి డీఎన్‌ఏ ఎంత దెబ్బతింటుందో చూసే అంశం ఇస్తారా అని. అదే గది, అవే పరికరాలు, డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను చూపే కామెట్ పరీక్ష అదనం. ఆయన ఒప్పుకుంటే ఈ సీటు గురించి నా అభిప్రాయం సగం మారుతుంది. మిగతా సగం డబ్బు.

రిజిస్ట్రీ పని మీకు చిన్నదిగా కనిపించినట్టుంది. "సైంటిస్టు కావాలనుకుని ఇంటింటికీ తిరిగే పనా" అని రాశారు. కాస్త ఆగండి. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ లంకెను గట్టిగా చూపిన తొలి పనుల్లో ఒకటి 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆస్పత్రుల్లో చేసినది. మైక్రోస్కోపు కాదు, ప్రశ్నపత్రం పట్టుకుని చేశారు. 709 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు, అదే వయసు, అదే లింగం ఉన్న 709 మంది వేరే రోగులు. క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ తాగనివారు ఇద్దరే, రెండో గుంపులో 27 మంది. అంతే. కానీ ఆ ప్రశ్నలు ఎలా అడగాలో, ఎవరిని ఎవరితో పోల్చాలో తెలియడమే శాస్త్రం.

ఆ పనిలో రోజూ ఏం చేస్తారో చెప్తాను. ఆస్పత్రులు, పాథాలజీ ల్యాబులు, మరణాల రిజిస్టర్ల నుంచి కేసులు తెస్తారు. ఏ అవయవం, ఏ రకం కణితి అన్నదానికి అంతర్జాతీయ కోడ్ వేస్తారు, అమ్మమ్మగారి గట్టి అంగిలికి సి05.0. ఆ మనిషి ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా నివాసి అవునా కాదా చూస్తారు. ఒకే మనిషి శ్రీకాకుళంలో ఒక పేరుతో, విశాఖలో ఇంటిపేరు ముందు పెట్టి, హైదరాబాద్‌లో మొగుడి పేరు చేర్చి మూడు కేసులుగా నమోదవుతుంది. ఆ ముగ్గురూ ఒకరేనని పట్టుకోకపోతే లెక్క మూడింతలవుతుంది. ఊరి పేరు నాలుగు రకాలుగా రాస్తారు. పొగాకు గడిలో "ఉంది" అని రాసి వదిలేస్తారు. చుట్టా, బీడీయా, నిప్పు ఏ వైపు అన్నది అడగరు. మన జిల్లాలో ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే మిగతా ఫారమంతా నింపినా అసలు సంగతి పోయినట్టే. మీ ఊరి ఆడవాళ్లతో వాళ్ల మాటలోనే మాట్లాడగలిగిన మీకు అది తట్టినంతగా బయటివారికి తట్టదు.

చిక్కులూ ఉన్నాయి. ఏడాది కాంట్రాక్టు, పొడిగిస్తారన్న హామీ లేదు. జీతం ప్రాజెక్టు విడుదలను బట్టి ఆలస్యం కావచ్చు. మీరు సేకరించిన వివరాలు సంస్థవి, వాటితో మీరు సొంతంగా వ్యాసం రాసుకోలేరు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గానే అయిదేళ్లు ఉండిపోతే అక్కడే ఆగిపోతారు. ఆ పని మెట్టు కావాలంటే, ఏడాది తర్వాత ఎపిడెమియాలజీ చదువుకు, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రానికి వెళ్లాలి. చెన్నైలో ఐసీఎంఆర్ వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ కేంద్రం ప్రజారోగ్యంలో రెండేళ్ల పీజీ చెప్తాయి. టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ ఎపిడెమియాలజీ కేంద్రం నవీ ముంబయిలో ఉంది. ఫీజులు, అర్హతలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి, కొన్నిచోట్ల వైద్యులకు ప్రాధాన్యం ఉంటుంది.

ఈ దారి ఎంచుకుంటే గణాంకశాస్త్రం తప్పదు. చిన్న ఉదాహరణ. మామూలు జనంలో 20 శాతం మందికి ఒక అలవాటు ఉందనుకోండి. అది జబ్బు ముప్పును రెట్టింపు చేస్తుందని తేల్చడానికి సుమారు 172 మంది రోగులు, అంతేమంది రోగులు కానివారు కావాలి. ముప్పు ఒకటిన్నర రెట్లే అయితే రెండు గుంపుల్లోనూ 530 మంది దాటాలి. ప్రభావం చిన్నదైన కొద్దీ మనుషుల సంఖ్య అంతగా పెరిగిపోతుంది. ముప్ఫై మందిని అడిగి కారణం కనిపెట్టామనే వ్యాసాలు చూసినప్పుడు ఈ లెక్క గుర్తుకు రావాలి.

మీ ఊరి బోరు నీళ్ల ప్రశ్న కూడా ఇక్కడికే వస్తుంది. దేశంలో ఏటా లక్ష మందికి సుమారు వంద కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయి. 2,200 మందిని పదేళ్లతో గుణిస్తే 22,000, అంటే ఆ లెక్కన 22 కేసులు. పల్లెల్లో ఇంకా తక్కువే నమోదవుతాయనుకున్నా, 14 అనే సంఖ్య దానంతటదే అనుమానించాల్సింది కాదు. నీళ్లు మంచివని దీనర్థం కాదు, సంఖ్య ఒక్కదానితో ఏదీ తేలదని. ఆ 14 మందివి ఏయే అవయవాలో, ఏ వయసులో వచ్చాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. నోరు ఆరుగురికి, గర్భాశయ ముఖద్వారం ముగ్గురికి, రొమ్ము ఇద్దరికి అని వస్తే, ఒక్కోదాని కారణం వేరు. ఒకే బోరు అన్నింటినీ తేదు. అలా కాక ఒకే అరుదైన రకం నలుగురైదుగురికి, అదీ చిన్న వయసులో వస్తే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాల్సిన సంగతి అది. నీళ్లు పంపిస్తే ఏం వెతకమని పంపుతున్నారో రాయండి. మామూలు పరీక్షలో ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం లాంటివి చూస్తారు, క్యాన్సర్ కారకమని రుజువైన ఆర్సెనిక్ కోసం ప్రత్యేకంగా అడగాలి. దాని హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలో నీరు, సిలికా, పురుగుమందులు, ఎండదెబ్బ అని ఎన్ని అనుమానాలు వచ్చాయో, ఇన్నేళ్లయినా ఒక్కటీ పూర్తిగా తేలకపోవడం ఎంత బాధో మీ వైపు వారికి చెప్పక్కర్లేదు. కారణం అనే మాటను త్వరగా అనేస్తే, అసలు కారణం మీద చూపు పోతుంది. మీ ఊళ్లో బోరును తిట్టుకుంటూ చుట్ట వెలిగించుకునేవారు ఎందరో మీరే లెక్కపెట్టగలరు.

ఇక మూడో దారి. "రెండేళ్లు కంపెనీలో వృథా చేశాను" అని రాశారు. ఈ వాక్యంతో నేను అస్సలు ఏకీభవించను. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మీరు రోజూ పనిచేస్తున్నారు. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ (క్యాన్సర్ తేగల రసాయనాల జాతి) బయటపడినప్పటి నుంచి మందుల కంపెనీలన్నీ నైట్రోసమైన్ల కోసం వెతుకుతున్నాయి. ఎన్‌డీఎంఏ మనిషికి రోజుకు 96 నానోగ్రాములు మించకూడదన్నది హద్దు, అంత తక్కువ మోతాదును కొలవడానికి మాస్ స్పెక్ట్రోమీటర్ వాడతారు. చుట్టలో క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన విషాలు కూడా నైట్రోసమైన్లే, ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అని. పొగ తాగిన మనిషి మూత్రంలో, నికోటిన్ నుంచి పుట్టే కోటినిన్ కొలిస్తే గత రెండు మూడు రోజుల వాడకం తెలుస్తుంది. ఎన్‌ఎన్‌కే నుంచి పుట్టే ఎన్‌ఎన్‌ఏఎల్ కొలిస్తే కొన్ని వారాలది తెలుస్తుంది. "రోజుకు రెండే చుట్టలు" అని నోటితో చెప్పిన మాటను ఇది సరిచూస్తుంది. ప్రయోగశాలకూ ఊరికీ మధ్య వంతెన ఇదే, ఆ వంతెన మీద నడవగలిగేవారు మన దగ్గర తక్కువ. మీ కంపెనీలో నైట్రోసమైన్ పరీక్షలు, మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే ఆ విభాగానికి మార్చమని అడగండి. ఇంటర్వ్యూలో మొక్క రసాల వ్యాసం కన్నా, కొలిచే పద్ధతి సరైనదేనని రుజువు చేసే వ్యాలిడేషన్ నేనే చేశానని చెప్పగలగడం ఎక్కువ తూగుతుంది.

నెట్ విషయం. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులు, మూడు గంటలు. 'ఏ' అనే భాగంలో 20 ప్రశ్నల్లో 15, 'బీ'లో 50లో 35, 'సీ'లో 75లో 25 రాయాలి. సీలో ఒక్కోటి 4 మార్కులు, అంటే 200లో వంద మార్కులు అక్కడే ఉన్నాయి. మీకు సీలో 30 దాటలేదని రాశారు. ఇది జ్ఞాపకం చాలక వచ్చిన ఇబ్బంది కాకపోవచ్చు. ప్రయోగం ఇచ్చి ఫలితం ఊహించమని అడుగుతారు, పాయింట్లు బట్టీపట్టి చదివితే అవి రావు. పదమూడు యూనిట్లూ చదవాలని పెట్టుకోకండి. అణువులు, కణ నిర్మాణం, మూల ప్రక్రియలు, కణ సంకేతాలు, వారసత్వం, పద్ధతులు, ఈ ఆరూ గట్టిగా వస్తే 25 ప్రశ్నలు ఎంచుకోవడానికి సరిపోతాయి. క్యాన్సర్ నాలుగో యూనిట్‌లో, గణాంకాలు పదమూడో యూనిట్‌లో ఉన్నాయి, రెండూ మీకు ఎలాగూ కావాలి. రాత్రి షిఫ్టు వారంలో చదువు సాగదు, ఆ వారం పాత ప్రశ్నలు మాత్రం చూడండి. అదే చదువుతో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వారి జేఆర్‌ఎఫ్ పరీక్ష, గేట్ కూడా రాయండి. వయసు గురించి కంగారొద్దు, జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఇప్పుడొచ్చిన అర్హత పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతుంది కాబట్టి, సొంత ఫెలోషిప్ ఇచ్చే సంస్థలకు ఈలోగా దరఖాస్తులు పెట్టండి.

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మీ ఇప్పటి జీతానికి దాదాపు రెట్టింపు. నాన్నగారికి ఈ అంకె చెప్పండి. "ఇంకా చదువా" అనే మాట వెనక "ఇంకా ఖర్చా" అనే భయం ఉంటుంది. అయితే అది ఒకటో తారీఖున పడే జీతం కాదు, రెండు మూడు నెలలవి కలిపి రావడం మామూలే. మొదటి ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్లాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే ఇంకొకరి ల్యాబ్‌లో తాత్కాలిక పరిశోధన, మూడు నాలుగేళ్లు. సొంత ల్యాబ్ అంటూ వచ్చేసరికి 35 దాటుతుంది, అందరికీ రాదు కూడా. పొగ మొదలైన రోజుకూ క్యాన్సర్‌కూ మధ్య ఇరవై ముప్ఫై ఏళ్లు ఉండే జబ్బు ఇది. మీ పీహెచ్‌డీలో ఒక చిన్న ముక్కే తేలుతుంది. ఆ ముక్కతో తృప్తి పడగలరా అన్నది మీరే చూసుకోవాలి.

ఇంకో దారి మీ ఉత్తరంలో లేదు, తలుపు తెరిచి ఉంచుకోండి. కణితుల డీఎన్‌ఏలో ఒక్కో కారకం ఒక్కో రకం గుర్తు వదులుతుందని 2013 నుంచి బాగా బయటపడింది. పొగాకు పొగ వదిలే గుర్తు వేరు, కొన్ని మూలికల్లోని అరిస్టొలోకిక్ ఆమ్లం వదిలేది వేరు. ఈ పని కంప్యూటర్ మీద జరుగుతుంది. దానికి కావలసిన లినక్స్, ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ పనిముట్లను షిఫ్టు అయ్యాక గంట చొప్పున ఇంట్లో నేర్చుకోవచ్చు, ఉచితంగా.

సంబంధం గురించి. అబ్బాయి తల్లి మాట విన్నారు, అబ్బాయి మాట వినలేదు. పెద్దవాళ్ల సమక్షంలోనే అయినా ఒకసారి మీరే అడగండి. "తర్వాత చూద్దాంలే" అనే జవాబును సరే అని లెక్కవేసుకోకండి. సంగతి దాచి పెళ్లి చేసుకుంటే అయిదేళ్లు రోజూ ఆ దాచిన సంగతితోనే కాపురం చేయాలి. మీ చేతిలో చెప్పడానికి గట్టి విషయాలున్నాయి. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి, జేఆర్‌ఎఫ్ ఉంటే అక్కడే ప్రయత్నించవచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా 6 ఏళ్లు, మహిళలకు మరో 2 ఏళ్ల వెసులుబాటు, ప్రసూతికీ పిల్లల సంరక్షణకూ 240 రోజుల సెలవు ఉంది. ఇవి విన్నాక కూడా వద్దంటే, వాళ్ల ఉద్దేశం మీకు ఇప్పుడే తెలుస్తుంది. సరేనంటే నగరం ఎంపికలో మీకొక ఆసరా దొరుకుతుంది. సంబంధం ఒక ఏడాది ఆపమని అడగడం మూడో మార్గం. అందులో ఆ సంబంధం చేజారే అవకాశం ఉంది, అది ముందే ఒప్పుకుని అడగండి.

నన్ను ఏ వైపు మొగ్గుతానని అడిగితే, ఇంటి అప్పు ఉన్నంతకాలం స్టైపెండ్ లేని సీటు వైపు కాదు. కంపెనీలో ఉండి నైట్రోసమైన్ పని నేర్చుకుంటూ రెండుసార్లు జేఆర్‌ఎఫ్ రాయడం ఒకటి, రిజిస్ట్రీలో ఏడాది పనిచేసి ఎపిడెమియాలజీకి వెళ్లడం ఒకటి, ఈ రెండింటి మధ్యే మీ ఎంపిక ఉండాలనిపిస్తుంది. పరికరం ముందు కూర్చున్నప్పుడు పొద్దు తెలియదో, నలుగురితో కూర్చుని వాళ్ల కథ రాబట్టినప్పుడు పొద్దు తెలియదో, మీకే తెలుసు. రిజిస్ట్రీ వారిని ఒక్క రోజు ఫీల్డుకు వెంట తీసుకెళ్లమని అడిగి చూడండి, జవాబు సగం అక్కడే దొరకవచ్చు.

ప్రొఫెసర్ గారికి ఫోనులో కాక ఉత్తరం రాయండి. అంశం మార్పు, ప్రాజెక్టు డబ్బు గురించి అడిగి, ఆయన జవాబు వచ్చాకే అవునో కాదో చెప్పండి. దానికి ఇంకా పది రోజులుంది. అమ్మగారిని మాత్రం ఈ సోమవారమే తీసుకెళ్లండి. ఓపీ చీటీ కోసం పొద్దున్నే చేరుకోవాలి. ఆ రోజు పొద్దున ఆవిడ చుట్ట వెలిగించినా ఏమీ అనకండి, ముందు బస్సెక్కించండి.